మాల్కమ్ బట్లర్‌కు దక్కని చప్పట్లు

సియాటిల్ చుట్టుపక్కల ఎవరింటికి భోజనానికి వెళ్లినా, మాటల మధ్యలో 2015 ఫిబ్రవరి 1వ తేదీన మన సియాటిల్ జట్టు ఓడిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ప్రస్తావన వచ్చిందంటే, సంభాషణ ఏ దారిన మొదలైనా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతుంది. గోల్ లైన్ ఇంకా ఒక్క గజమే ఉండగా, బంతి పట్టుకుని పరుగెత్తే మన ఆటగాడు మార్షాన్ లించ్ చేతికి బంతి ఎందుకివ్వలేదు? ఈ ప్రశ్న వేసేవారిలో ఊహ తెలిసినప్పటినుంచీ అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్న స్థానికులు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి రెడ్‌మండ్‌లోనో బాథెల్‌లోనో ఇల్లు కొనుక్కుని, ఇక్కడే పుట్టిన పిల్లల పుణ్యమా అని ఈ ఆట నేర్చుకున్న మన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రశ్న ఎవరిదైనా అందులోని బాధ నిజమైనదే. అయినా నా ఉద్దేశంలో ఆ ప్రశ్న న్యాయమైనది కాదు. దానికి తగిన జవాబు ఎప్పటినుంచో ఉందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది: ఆ రాత్రి జరిగినదాన్నంతటినీ మన కోచ్ చేసిన పొరపాటుగా చెప్పుకుంటూ, ఆ ఆటను నిజంగా గెలిచిన కుర్రాణ్ణి మనం కథలోంచే తీసేశాం.

ఆట తెలియనివారి కోసం కొద్దిగా వివరిస్తాను. దాడి చేసే జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. వాటిలో పది గజాలు ముందుకు వెళ్లగలిగితే మళ్లీ నాలుగు దొరుకుతాయి. బంతిని చేతబట్టుకుని పరుగెత్తవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ విసిరితే మరొకరు అందుకోవచ్చు. మైదానం చివరనున్న ఎండ్ జోన్‌లోకి బంతిని చేర్చితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. గడియారానికి సంబంధించిన నియమం ఒకటి ఇక్కడ చాలా ముఖ్యం. పరుగెత్తిన ఆటగాణ్ణి మైదానం లోపలే పడగొడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతి ఎవరికీ చిక్కకుండా నేలను తాకితే గడియారం ఆగిపోతుంది. లించ్ గురించిన వాదమంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉంది.

ఆ రోజు అరిజోనాలోని గ్లెండేల్‌లో జరిగింది 49వ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. అంతకు ముందు సంవత్సరమే డెన్వర్‌ను 43–8 తేడాతో మట్టికరిపించి మొట్టమొదటి టైటిల్ గెలుచుకున్న సియాటిల్ సీహాక్స్ ఒక వైపు, టామ్ బ్రేడీ క్వార్టర్‌బ్యాక్‌గా బిల్ బెలిచిక్ శిక్షణలో ఆడుతున్న న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ మరో వైపు. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి సియాటిల్ 24–14తో ముందుంది. అక్కడినుంచి బ్రేడీ 15 సార్లు బంతి విసిరి 13 సార్లు తనవారికి అందించాడు, రెండు టచ్‌డౌన్‌లు సాధించాడు. రెండు నిమిషాల రెండు సెకన్లు మిగిలి ఉండగా న్యూ ఇంగ్లండ్ 28–24తో ముందుకు వెళ్లింది. నాలుగు పాయింట్లు వెనకబడ్డ సియాటిల్‌కు మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ చాలదు. టచ్‌డౌన్ ఒక్కటే దారి.

తర్వాత జరిగినదాన్ని చూసినవారెవరూ మరిచిపోలేరు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ దూరానికి విసిరిన బంతి కోసం సియాటిల్ రిసీవర్ జెర్మెయిన్ కెర్స్, అతన్ని వెన్నంటి వచ్చిన న్యూ ఇంగ్లండ్ కార్నర్‌బ్యాక్ (రిసీవర్లను కాపు కాసే ఆటగాడు) ఒకేసారి గాలిలోకి లేచారు. కార్నర్‌బ్యాక్ చెయ్యి తగిలి బంతి దారి తప్పింది. ఇద్దరూ కింద పడ్డారు. వెల్లకిలా పడిన కెర్స్ కాళ్లకు తగిలి పైకి ఎగిరిన బంతి అతని చేతికి తగిలి మళ్లీ ఎగిరి, చివరికి పడుకుని ఉన్నవాడి చేతుల్లోనే వాలింది. అతను లేచి ఎండ్ జోన్ వైపు కదలబోతుంటే అదే కార్నర్‌బ్యాక్ తేరుకుని లేచి, ఐదు గజాల గీత దగ్గర అతన్ని మైదానం బయటికి నెట్టాడు. ఆ నెట్టడమే లేకపోతే అక్కడే టచ్‌డౌన్ అయి ఉండేది. తన పని తాను తప్పులేకుండా చేసి కూడా అదృష్టం చేతిలో ఓడిన ఆ కార్నర్‌బ్యాక్ పేరే మాల్కమ్ బట్లర్.

తర్వాతి అవకాశంలో లించ్ నాలుగు గజాలు పరుగెత్తాడు. భుజం గాయంతోనే ఆడుతున్న డాంటా హైటవర్ అతన్ని గోల్ లైన్‌కు ఒక్క గజం ఇవతల పడగొట్టాడు. గడియారం నడుస్తోంది. అరవై సెకన్ల దగ్గరినుంచి ఇరవై ఆరు సెకన్లకు వచ్చింది. అప్పుడు విల్సన్ లించ్‌కు బంతి ఇవ్వకుండా, కుడివైపునుంచి లోపలికి దూసుకొస్తున్న రిసీవర్ రికార్డో లాకెట్‌కు విసిరాడు. బంతి చేరే చోటికి లాకెట్ కంటే అర అడుగు ముందుగా చేరిన బట్లర్ దాన్ని తన గుండెలకు హత్తుకున్నాడు. దానితో ఆట ముగిసినట్టే.

ఆ సాయంత్రం నేను సమామిష్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ఉన్నాను. డజనుకు పైగా తెలుగు కుటుంబాలు చేరాయి. అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, వంటింటి గట్టు మీద చల్లారిపోయిన మిరపకాయ బజ్జీలు, విల్సన్ 3, లించ్ 24 నంబర్ల జెర్సీలు వేసుకున్న పిల్లలు, ఆటకంటే కబుర్ల మీద ధ్యాస ఉన్న పెద్దవాళ్లు. బంతి బట్లర్ చేతుల్లో పడగానే గదిలో అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఏం జరిగిందో సగం మందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ల నోట వెంటనే వచ్చిన మాట లించ్ పేరు. టీవీకి అతి దగ్గరగా కూర్చున్న పదేళ్ల కుర్రాడు మాత్రం, “నాన్నా, ఆ ఇరవై ఒకటో నంబరు ఎవరు?” అని అడిగాడు. “ఎవరైతే ఏంట్రా, బంతి లించ్‌కి ఇచ్చుండాల్సింది” అన్నాడు వాళ్ల నాన్న. కుర్రాడు అడిగినదానికి ఆ గదిలో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పేంత సమాచారం మాలో ఎవరి దగ్గరా లేదు కూడా, ఎందుకంటే అప్పటిదాకా బట్లర్ పేరు సియాటిల్‌లో ఎవరికీ తెలియదు.

దేశమంతా ఆ తండ్రి అన్న మాటే అంది. టీవీ వ్యాఖ్యాత క్రిస్ కాలిన్స్‌వర్త్ ఆ నిర్ణయాన్ని నమ్మలేకపోతున్నానని ప్రసారంలోనే అన్నాడు. ఒకప్పటి మహా ఆటగాడు ఎమిట్ స్మిత్ ఫుట్‌బాల్ చరిత్రలోనే ఇంత చెడ్డ నిర్ణయం తాను చూడలేదని ట్విటర్‌లో రాశాడు. మర్నాటి పత్రికల్లో శీర్షికలు అదే ధోరణిలో నడిచాయి. సగటున 11 కోట్ల 44 లక్షల మంది అమెరికన్లు ఆ ఆటను టీవీలో చూశారని లెక్క. వాళ్లలో చాలామంది ఆ రాత్రి నిద్రపోయే ముందు ఏర్పరచుకున్న అభిప్రాయం ఆ తర్వాత మారలేదు.

ఆ అభిప్రాయాన్ని నిదానంగా పరిశీలిద్దాం. ఇరవై ఆరు సెకన్లు ఉన్నాయి, మూడు అవకాశాలు ఉన్నాయి, గడియారాన్ని ఆపించుకునే టైమౌట్ సియాటిల్ దగ్గర ఒకే ఒక్కటి మిగిలి ఉంది. లించ్ పరుగెత్తి విఫలమైతే గడియారం ఆగదు కనుక ఆ టైమౌట్ అక్కడే వాడేయాలి. మళ్లీ పరుగెత్తి విఫలమైతే, కుప్పగా పడ్డ ఇరవై రెండు మంది లేచి, వరుస కట్టి, నాలుగో అవకాశం మొదలుపెట్టేలోగా సమయం అయిపోయే ప్రమాదం ఉంది. అంటే మూడు అవకాశాలనూ నిశ్చింతగా వాడుకోవాలంటే వాటిలో ఒకటి బంతి విసరడం అయి తీరాలి. విసిరిన బంతి నేల తాకితే గడియారం ఆగుతుంది, టైమౌట్ చేతిలోనే ఉంటుంది, ఇంకా రెండుసార్లు లించ్‌కు ఇవ్వవచ్చు. పైగా ఎదుట న్యూ ఇంగ్లండ్ నిలబెట్టింది పరుగును అడ్డుకోవడానికి ఏరికోరి తెచ్చిన భారీకాయుల వరుసను. అలాంటి గోడ మీదికి పరుగెత్తడం కంటే దాని పక్కనుంచి విసరడం మేలన్నది హెడ్ కోచ్ పీట్ క్యారల్, అఫెన్స్ కోచ్ డారెల్ బెవెల్ వేసుకున్న లెక్క. ఆ లెక్కతో విభేదించవచ్చు. లించ్ ఆ రోజు 24 పరుగుల్లో 102 గజాలు సాధించిన మాట నిజమే, ఆ చేతికే మళ్లీ ఇచ్చి ఉండాల్సిందని వాదించేవాళ్లను నేను కాదనను. కాని అది మతిలేని లెక్క మాత్రం కాదు.

అంకెలు కూడా అదే చెబుతాయి. ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఒక గజం గీత దగ్గరినుంచి వందకు పైగా పాస్‌లు విసిరారు. ఈ ఆటకు ముందు వాటిలో ఒక్కటి కూడా ప్రత్యర్థి చేతికి చిక్కలేదు. అదే సీజన్‌లో ఒక గజం దూరంనుంచి లించ్‌కు ఐదుసార్లు బంతి ఇస్తే అతను టచ్‌డౌన్ చేసింది ఒక్కసారి. ఐదు అనేది చిన్న సంఖ్య, దాని మీద పెద్ద నిర్ధారణలు చేయకూడదని నాకూ తెలుసు. కాని లించ్‌కు ఇచ్చి ఉంటే టచ్‌డౌన్ ఖాయమని ప్రమాణం చేసి చెప్పేవాళ్లు అంతకంటే పెద్ద నిర్ధారణ చేస్తున్నారు, వాళ్ల దగ్గర ఆ ఐదు కూడా లేవు.

ఈ వాదన కొత్తదేమీ కాదు. గణాంకాలు తెలిసినవాళ్లు ఆ వారంలోనే రాశారు, ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్ణయం చెడ్డది కాదని. క్యారల్ కూడా దాదాపు ఇదే మాట చెప్పాడు. నన్ను ఇంతకాలంగా కలతపెడుతున్నది వేరే విషయం. కోచ్‌ను తిట్టేవాళ్లూ, అంకెలు చూపి కోచ్‌ను సమర్థించేవాళ్లూ ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవిస్తారు: ఆ ఆటలో జరిగినదంతా సియాటిల్ చేసిందే, న్యూ ఇంగ్లండ్‌కు ఏదో అదృష్టం కలిసొచ్చింది. తిట్టేవారికి అది తప్పు, సమర్థించేవారికి అది అరుదైన ప్రమాదం. ఇద్దరి మాటల్లోనూ బట్లర్ అనే మనిషి లేడు.

ఆ మనిషి ఎవరో చూద్దాం. మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ పట్టణం అతనిది. కమ్యూనిటీ కాలేజీ జట్టునుంచి తొలగిస్తే పొపాయ్స్ అనే చికెన్ దుకాణంలో పనిచేశాడు. తర్వాత పెద్దగా ఎవరికీ తెలియని వెస్ట్ అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. ఆటగాళ్ల ఎంపికలో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. న్యూ ఇంగ్లండ్ జట్టులోకి పరీక్ష శిబిరం ద్వారా వచ్చాడు. సూపర్ బౌల్‌లో కూడా అతను మొదటినుంచి ఆడలేదు, రెండో భాగంలోనే దింపారు. ఆ వారం సాధనలో ఇదే ఎత్తుగడను, ఇదే వరుసలో, న్యూ ఇంగ్లండ్ తమ ప్రత్యామ్నాయ ఆటగాళ్లతో ఆడించి చూసింది. సాధనలో బట్లర్ ఆలస్యంగా కదిలాడు, టచ్‌డౌన్ ఇచ్చేశాడు, కోచ్‌ల చేత మాట పడ్డాడు. ఆట రోజున సియాటిల్ రిసీవర్లు ఒకరి వెనక ఒకరు నిలబడగానే అతనికి ఆ ఎత్తుగడ గుర్తుకొచ్చింది. అతని పక్కన నిలబడ్డ బ్రాండన్ బ్రౌనర్ అంతకు ముందు సంవత్సరం దాకా సియాటిల్ ఆటగాడే కనుక ఆ ఎత్తుగడ అతనికీ తెలుసు. ముందున్న కెర్స్‌ను బ్రౌనర్ ఒక్క అడుగు కూడా కదలనివ్వకుండా అక్కడే నిలిపేశాడు. సియాటిల్ ఎత్తుగడ ఫలించాలంటే కెర్స్ ముందుకు వెళ్లి బట్లర్ దారికి అడ్డుపడాలి, ఆ పని జరగలేదు. బట్లర్ దారి తెరిచి ఉంది. విల్సన్ చెయ్యి ఎత్తకముందే అతను బయలుదేరాడు.

బంతిని అడ్డుకుని కింద పడేస్తే చాలు, ఎవరైనా మెచ్చుకునేవారు. అతను పట్టుకున్నాడు. ప్రత్యర్థి విసిరిన బంతిని ఇలా పట్టేసుకోవడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు, లీగ్‌లో అదే అతని మొదటిది. కొద్దిసేపటి క్రితమే కెర్స్ కాళ్ల మీద ఎగిరిన బంతిని చూసి కుంగిపోయి బెంచీ మీద కూర్చున్న కుర్రాడు, పిలవగానే లేచి వచ్చి చేసిన పని అది. చదువుకున్నది గుర్తుంచుకుని, పొరపాటును దిద్దుకుని, భయాన్ని జయించి ఇంత ఖచ్చితంగా ఒక పని చేసిన ఆటగాణ్ణి చూసి చేతులు కలిపి చప్పట్లు కొట్టలేకపోతే మనం ఆటను చూస్తున్నామా, మన జట్టు అంగీ రంగును చూస్తున్నామా? బ్రేడీకి ఆ రోజు ఉత్తమ ఆటగాడి బహుమతిగా ఒక ట్రక్కు ఇస్తే, దాన్ని బట్లర్‌కు ఇప్పించాడు. ఆ విలువ తోటి ఆటగాడికి తెలిసింది.

అభిమానులను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. సియాటిల్ అభిమానమంటే ఏమిటో నాకు తెలుసు. మైదానంలో పదకొండు మంది ఆడితే పన్నెండో ఆటగాళ్లు అభిమానులేనని 1984లోనే 12 నంబరు జెర్సీని వాళ్ల పేర పక్కన పెట్టిన జట్టు ఇది. 2011 జనవరిలో లించ్ న్యూ ఆర్లియన్స్ మీద 67 గజాలు పరుగెత్తినప్పుడు స్టేడియంలో జనం గంతులేస్తే దగ్గర్లోని భూకంప పరికరం ఆ కదలికను నమోదు చేసింది. 2013 డిసెంబరులో వాళ్ల కేకలు 137.6 డెసిబెల్స్‌కు చేరి రికార్డు అయ్యాయి. 2008లో సోనిక్స్ బాస్కెట్‌బాల్ జట్టును ఓక్లహోమా సిటీకి తరలించుకుపోతే నిస్సహాయంగా చూసిన నగరానికి ఈ జట్టు ఎంత ఊరటో ఇక్కడ ఉన్నవారికే అర్థమవుతుంది. ప్రతి శుక్రవారం బ్యాంకు గుమాస్తానుంచి బడి పంతులమ్మ దాకా నీలిరంగు జెర్సీ వేసుకునే ఊళ్లో ఓటమి సొంత ఇంటి ఓటమే అవుతుంది. బాధ పడిన గుండెకు బాధ్యుడు కావాలి. ప్రత్యర్థి గొప్పగా ఆడాడని ఒప్పుకుంటే చెయ్యగలిగింది ఏమీ ఉండదు. మనవాడే తప్పు చేశాడంటే కనీసం ఆ విజయం మన చేతిలోనే ఉండేదన్న ఓదార్పు మిగులుతుంది.

ఆ ఓదార్పుకు మూల్యం మాత్రం ఎవరో చెల్లించాలి. లించ్‌ను హీరో కానివ్వకూడదనే, విల్సన్‌ను హీరో చేయాలనే కోచ్ అలా చేశాడన్న వదంతి ఆ రాత్రే పుట్టింది, ఏ ఆధారమూ లేకుండా ఏళ్ల తరబడి బతికింది. బంతి కోసం ఇంకా గట్టిగా పోరాడి ఉండాల్సిందని ఆట ముగిశాక లాకెట్ గురించి బెవెల్ అన్నాడు, ఆ మాటను పట్టుకుని కొందరు అభిమానులు లాకెట్ మీద విరుచుకుపడ్డారు. అదే సంవత్సరం నవంబరు 1న డాలస్‌లో తగిలిన దెబ్బకు లాకెట్ మెడ లిగమెంట్లు దెబ్బతిని, ప్రాణం మీదికి వచ్చి, అతని ఆట జీవితం ముగిసింది. ఆ వార్త విన్నప్పుడు, అతన్ని ఆ ఒక్క బంతితో మాత్రమే గుర్తుంచుకున్నవాళ్ల గురించి చాలాసేపు ఆలోచించాను.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను, ఎందుకంటే అక్కడ మనం ఎదుటి ఒడ్డున ఉన్నాం. 2007 సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. పాకిస్తాన్‌కు చివరి వికెట్ చేతిలో ఉంది, నాలుగు బంతుల్లో ఆరు పరుగులు కావాలి. అంతకు ముందు బంతినే సిక్సర్ కొట్టిన మిస్బా ఉల్ హక్ ఈసారి వెనక్కి స్కూప్ చేశాడు, శ్రీశాంత్ క్యాచ్ పట్టాడు. ఆ షాట్ ఎందుకు ఆడాడని పాకిస్తాన్‌లో ఇప్పటికీ అడుగుతారు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఆ ప్రశ్న ఎవరికీ రాదు. చివరి ఓవర్ జోగీందర్ శర్మకు ఇచ్చిన ధోనీ తెలివిని మనం పొగుడుతాం. బంతి శ్రీశాంత్ తల మీదుగా బౌండరీకి వెళ్లి ఉంటే, హర్భజన్ ఉండగా జోగీందర్‌కు ఎందుకిచ్చాడని ధోనీని జీవితాంతం వేధించేవాళ్లం మనమే.

గ్లెండేల్‌లో ధోనీ లాంటి వాడు బెలిచిక్. ఒక గజం దగ్గర లించ్ పడ్డాక గడియారం పరుగెడుతుంటే, అతని చేతిలో రెండు టైమౌట్లు ఉండి కూడా వాడలేదు. సియాటిల్ టచ్‌డౌన్ చేస్తే మళ్లీ బ్రేడీకి బంతి అందే సమయం ఉండాలంటే ఆ క్షణంలో గడియారం ఆపడం న్యాయమని న్యూ ఇంగ్లండ్ అభిమానులు ఎంతోమంది తమ ఇళ్లలో అరుస్తూనే ఉన్నారు. బట్లర్ ఒక్క అడుగు వెనకబడి ఉంటే, న్యూ ఇంగ్లండ్ అభిమానుల ఊరైన బోస్టన్‌లో ఈనాటికీ వినిపించే ప్రశ్న బెలిచిక్ టైమౌట్ ఎందుకు తీసుకోలేదన్నది అయ్యేది. బట్లర్ అక్కడ ఉన్నాడు కాబట్టి అదే మౌనం మేధావితనంగా పేరు తెచ్చుకుంది. ఇద్దరు కోచ్‌లలో ఒకరిని మూర్ఖుడిగా, మరొకరిని మహానుభావుడిగా మార్చింది ఒక కొత్త కుర్రాడి మొదటి రెండడుగులే.

న్యూ ఇంగ్లండ్ అభిమానులకు కూడా వాళ్ల వంతు వచ్చింది, అదీ బట్లర్ పేరు మీదనే. 2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో సూపర్ బౌల్. ఆ సీజనంతా దాదాపు ప్రతి ఆటలోనూ డిఫెన్స్‌లో నిలిచిన బట్లర్‌ను ఆ రోజు బెలిచిక్ డిఫెన్స్‌లో ఒక్కసారి కూడా దింపలేదు. జాతీయగీతం వేళ కళ్లనీళ్లతో నిలబడ్డ అతన్ని టీవీలో దేశమంతా చూసింది. న్యూ ఇంగ్లండ్ 41–33తో ఓడిపోయింది. బట్లర్‌ను ఎందుకు ఆడించలేదన్న ప్రశ్నకు బెలిచిక్ ఎవరికీ తృప్తికరమైన జవాబు ఇవ్వలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు అభిమానులకు పూర్తిగా ఉంది, ఆ ఆటగాడికి అన్యాయం జరిగిందనే నేనూ అనుకుంటాను. అయితే బోస్టన్ మిత్రులతో ఆ ఆట గురించి మాట్లాడిన ప్రతిసారీ బట్లర్ పేరు వస్తుంది కాని, ఆ రోజు ఫిలడెల్ఫియా తరఫున 373 గజాలు విసిరి, ఒక టచ్‌డౌన్‌ను తనే అందుకుని, ఉత్తమ ఆటగాడైన నిక్ ఫోల్స్ పేరు వాళ్ల నోట రాదు. అతను అసలు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ గాయపడితే ఆ స్థానంలోకి వచ్చినవాడు. ఈసారి నేనే ఆ పేరు ఎత్తాను. సంభాషణ కొంతసేపు ఫోల్స్ మీద నడిచింది, నాలుగో అవకాశంలో అతను పాస్ అందుకున్న ఆటను ఒకాయన వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా, గ్లాసులు పెట్టి మాకు వివరించి చూపాడు.